మా ఇంట్లో ఒకటే బురఖా

మా ఇంట్లో ఒకే ఒక్క బురఖా ఉండేది. అది మా తమ్ముడి కూతురిది. వనపర్తిలో డిగ్రీలో చేరినప్పుడు, తోటి పిల్లలు వేసుకుంటున్నారని, బస్సులో దుమ్ము పడకుండా ఉంటుందని కొనుక్కుంది. నల్ల గుడ్డ. ఎడమ చేతి అంచుకు వెండి రంగు పూసల వరుస. ఇరవై నాలుగు పూసలు ఉండాలి, రెండు ఊడిపోయి ఇరవై రెండున్నాయి. ఏ వస్తువు చేతికొచ్చినా లెక్కపెట్టడం నాకు చిన్నప్పటి నుంచీ ఉన్న అలవాటు.

మేం దూదేకులవాళ్లం. రంజాన్‌లో రోజా ఉంటాం, పండుగలు చేసుకుంటాం, కానీ ఇంట్లో మాట్లాడుకునేది తెలుగే. మా అమ్మ, నేను, మా మరదలు చీరలే కడతాం. బయటికి పోతే కొంగు తలమీదికి లాక్కుంటాం, అంతే. దూది ఏకి పరుపులు కుట్టడం మా పని. తమ్ముడు మిషన్ను ఆటోలో వేసుకుని బిజినేపల్లి, కోడేరు వైపు ఊళ్లు తిరుగుతాడు. నేను ఇంటి దగ్గర కుడతాను. పెళ్లయిన నాలుగేళ్లకే ఆయన చనిపోతే తిరిగి పుట్టింటికి వచ్చాను. వచ్చి ఇరవై మూడేళ్లయింది.

నేను చదివింది ఐదో తరగతి. లెక్క బడిలో కంటే ఇంట్లో ఎక్కువ పట్టుబడింది. మా నాన్న పరుపు పొడవు, వెడల్పు, మందం చెప్పి, ఎన్ని కిలోల దూది పడుతుందో చెప్పమనేవాడు. తప్పు చెబితే పరుపు గట్టిగానో పలచగానో వచ్చేది, అప్పుడు విప్పి మళ్లీ కుట్టాల్సి వచ్చేది. అట్లా నేర్చుకున్నాను. ఊళ్లో పెళ్లయితే ఇంతమందికి ఎన్ని కిలోల బియ్యం, ఎంత మాంసం అని నన్నే అడుగుతారు. కడుపుతో ఉన్న ఆడపిల్లల తల్లులు కాన్పు ఎప్పుడని నెలలు లెక్క వేయించుకుంటారు. మా మరదలు బడిలో మధ్యాహ్న భోజనం వండేది. నూట పన్నెండు మంది పిల్లలు. చేరిన కొత్తలో ఎన్ని నీళ్లు పోయాలో, ఎంత పప్పు వేయాలో నేనే చెప్పాను. తర్వాత తన చెయ్యే కొలత అయిపోయింది. పదకొండేళ్లు వండింది.

ఇప్పుడు చెప్పేది ఆ పదకొండేళ్ల పని ఎట్లా పోయిందన్నది.

పోయినసారి ఎన్నికల్లో మా మరదలు చీరతో ఓటేయడానికి పోయింది. మా ఊరి బడిలోనే పోలింగు. తను రోజూ వండే బడి, తను రోజూ ఊడ్చే వరండా. లోపల ఏజెంటుగా కూర్చున్నవాడు పక్క ఊరివాడు. చీటీలో పేరు చదివి, తల ఎత్తి ఈమెను చూశాడు.

"పేరేమో తుర్కోళ్ల పేరు. మనిషేమో గిట్లున్నది. గీమెనేనా?"

"నేనే. నా కార్డు చూడుండ్రి" అంది మరదలు.

"కార్డుల బొమ్మ సక్కగ కనవడ్తలేదు. బురఖా లేదు, ఏం లేదు. ఎట్ల నమ్మాలె?"

నలభై నిమిషాలు పక్కన నిలబెట్టారు. వరుసలో వెనక ఉన్నవాళ్లు ముందుకు పోయి ఓట్లేసి వెళ్లారు. వాళ్లలో సగం మంది పిల్లలు ఈమె చేతి అన్నం తిన్నవాళ్లే. చివరికి మాజీ సర్పంచిని పిలిపించి, ఈమె ఫలానా అని చెప్పించుకుని వేయనిచ్చారు. ఇంటికొచ్చి మరదలు ఏడవలేదు. మొహం కడుక్కుని, "మల్లొక్కపారి పోతె పేరుకు తగ్గట్టు పోత వదినె" అంది.

ఆ మాట నాకు గుర్తుంది. అందుకే ఈసారి ఎన్నికలు వచ్చినప్పుడు వరుస వేసింది నేనే.

అమ్మ మంచం దిగలేదు. ఎవరో ఒకరు ఎప్పుడూ దగ్గర ఉండాలి. ఓటేయాల్సిన ఆడవాళ్లం ముగ్గురం, బురఖా ఒకటి. ఇంటి నుంచి బడికి ఆరు వందల నలభై అడుగులు, నా నడకకు ఏడు నిమిషాలు. పొద్దున్నే ఏడు గంటలకు మేనకోడలు పోతుంది, దానికి మొదటి ఓటు, దాని సంబరం దానిది. అది ఎనిమిదికల్లా వస్తే బురఖా మరదలు వేసుకుంటుంది. తొమ్మిదికి మరదలు వస్తే నేను. పది లోపల ముగ్గురం అయిపోతాం. తర్వాత తమ్ముడు. లెక్క ఎట్లా వేశానో అట్లాగే జరిగింది. మేనకోడలు ఏడు యాభైకి వచ్చింది. మరదలు తొమ్మిదికి ఐదు నిమిషాల ముందు వచ్చింది. నేను పది కాకముందే ఇంట్లో ఉన్నాను. లోపల కూర్చున్న ఆడ ఉద్యోగి ముగ్గురికీ ముసుగు ఎత్తించి, కార్డు మీది బొమ్మతో పోల్చి చూసింది. ముగ్గురి వేళ్లకూ సిరా పెట్టింది. ఎవరూ ఒక్క మాట అడగలేదు.

"సూసినవా వదినె, గీ నల్లగుడ్డ ఏస్కుంటె ఎంత ఇజ్జతో!" అని మరదలు నవ్వింది.

బడికి ఎదురుగా మొబైల్ రిపేరు దుకాణం ఉంది. దాని మేడమీద ఒకతను ఫోను పెట్టి పొద్దుటి నుంచీ తీస్తున్నాడని మాకు తెలియదు. యూట్యూబు చానెలతను. చుట్టుపక్కల ఊళ్లలో పాములు పట్టినా, బోరు పడినా, ఎవరైనా కొట్టుకున్నా తీసి పెడతాడు.

మర్నాడు మధ్యాహ్నం మేనకోడలు కాలేజీ నుంచి ఫోను చేసింది. "అత్తా, అమ్మను ఫోన్ సూడొద్దని చెప్పు" అంది. చెప్పేలోపే మరదలు చూసేసింది. గద్వాల నుంచి మా అమ్మ చెల్లెలి కోడలు పంపింది, "ఇది మీ ఊరి బడేనా?" అని అడుగుతూ.

వీడియో యాభై రెండు సెకండ్లు. పైన ఎర్ర అక్షరాలు: 'ఒకే మహిళ, మూడు ఓట్లు?' బడి గేటులోంచి బురఖా ఆమె లోపలికి పోతుంది. వెంటనే మళ్లీ బురఖా ఆమె లోపలికి పోతుంది. మళ్లీ మూడోసారి. ప్రతిసారీ ఎడమ చెయ్యి దగ్గర ఎర్ర గుండ్రం గీసి, ఆ పూసల అంచును పెద్దది చేసి చూపించారు. పూసలు ఊడిన చోటు కూడా కనిపిస్తుంది. గుండెలు అదిరే సంగీతం. రెండోసారి గేటు దగ్గర ఎవరో పిల్లవాడి తల్లి పలకరిస్తే మరదలు ముసుగెత్తి మాట్లాడింది. అక్కడ బొమ్మను ఆపి, మొహం దగ్గరికి తెచ్చి, 'ఈమె ఎవరో తెలుసా?' అని వేశారు. కింద ఊరివాళ్లే జవాబు రాశారు. బడిలో వంట చేసే ఆమె అని.

మూడు ఓట్లూ ఆమె నెత్తిన పడ్డాయి.

బురఖా ఆడవాళ్లను వెనక నుంచి తీసిన బొమ్మలు మాకు కొత్త కాదు. మా ఇంట్లో టీవీ ఉంది, అమ్మ మంచం ఎదురుగా. కుట్టుకుంటూ వింటాను, అప్పుడప్పుడూ తలెత్తి చూస్తాను. ఒక బొమ్మ ఉంది. నలుగురు బురఖా ఆడవాళ్లు రోడ్డు దాటుతుంటారు, చివరి ఆమె చేతిలో నీలం సంచి, వెనక ఒక మేక. తలాక్ వార్త వచ్చినా అదే బొమ్మ. రేషను కార్డుల వార్త వచ్చినా అదే. ఓట్ల వార్తకూ అదే. ఎక్కడో బాంబు పేలిందన్నా అదే. వారం రోజుల్లో ఆ నలుగురు ఆ రోడ్డును తొమ్మిదిసార్లు దాటారు. ఆ నీలం సంచి ఆమె ఇంటికి ఎప్పుడు చేరిందో, సంచిలో ఏముందో ఎవరికీ అక్కర్లేదు. ఆమెకూ తెలిసి ఉండదు, తను ఇన్ని పాపాల్లో ఉందని. నేను అప్పట్లో నవ్వుకునేదాన్ని. అమ్మకు చూపించి, "అగో, మల్ల దాటుతున్నరు" అనేదాన్ని.

వీడియో వచ్చిన రెండో రోజు బడి గేటు దగ్గర కొంతమంది తల్లిదండ్రులు నిలబడ్డారు. అందరూ తెలిసినవాళ్లే. ఒకాయన తన పిల్లకు డబ్బాలో అన్నం తెచ్చాడు. "దొంగ ఓట్లేసేటోళ్ల చేతి కూడు మా పిల్లలు తినరు" అన్నాడట. హెడ్‌మాస్టరు మా మరదలిని లోపలికి పిలిచి, "ఒక్క వారం ఇంట్ల ఉండు తల్లీ, చల్లారనీ" అన్నాడు. తనతో కలిసి వండే రెండో ఆమె తల దించుకుని కూరగాయలు కోస్తూ ఉందట. మరదలు ఇంటికొచ్చి కాళ్లు కడుక్కుని, "వారమట" అంది. ఆ వారంలో నేను తేల్చాలి అనుకున్నాను. వరుస వేసింది నేను కాబట్టి.

మేనకోడలి ఫోనులో వీడియోను ఆపి ఆపి చూశాను. బడి గేటు పక్కన స్తంభానికి పెచ్చులు ఊడి ఇటుకలు కనిపిస్తాయి. ముగ్గురం ఆ స్తంభాన్ని ఆనుకునే లోపలికి పోయాం. మొదటి ఆమె తల పద్దెనిమిదో ఇటుక వరుస దాటి కొద్దిగా పైకి ఉంది. రెండో ఆమెది పదిహేడున్నర. మూడో ఆమెది పదహారున్నర. ఆదివారం బడికి పోయి పరుపులు కొలిచే టేపుతో కొలిచాను. ఒక్కో వరుస, సున్నంతో కలిపి, మూడున్నర అంగుళాలు. అంటే మొదటి ఆమె అరవై నాలుగు అంగుళాలు, రెండో ఆమె అరవై ఒకటి, మూడో ఆమె యాభై ఎనిమిది. మేనకోడలినీ మరదలినీ ఇంటి గోడకు నిలబెట్టి కొలిచాను. నన్ను మేనకోడలు కొలిచింది. అంగుళం కూడా తేడా రాలేదు. గేటు నుంచి వరండా మెట్టు దాకా మేనకోడలు పద్నాలుగు అడుగుల్లో పోయింది, మరదలు పదిహేడు, నేను పంతొమ్మిది. ఒకే మనిషి రెండు గంటల్లో ఆరు అంగుళాలు తగ్గదు కదా. ఇదంతా నోటుపుస్తకంలో రెండు పేజీలు రాశాను. మేనకోడలు అందంగా తిరగరాసింది.

ముందు ఎన్నికల పని చూసే ఆఫీసుకు పోయాను. అక్కడి అధికారి మర్యాదగానే మాట్లాడాడు. రిజిస్టరు చూశామని, మూడు పేర్లు, మూడు నెంబర్లు, మూడు సంతకాలు సరిగ్గా ఉన్నాయని, మీ మీద ఏ కేసూ లేదని చెప్పాడు.

"అదే ఒక కాగితం మీద రాసియ్యుండ్రి సారు. బళ్లె ఇస్త."

"తప్పు చేసినోళ్లకే కాగితం ఇస్తం అమ్మా. మీరు తప్పే చెయ్యలేదు, మీకేం కాగితం?"

బయటికి వచ్చి నీళ్లు తాగి, చానెలతని దగ్గరికి పోయాను. ముప్పై ఏళ్లుంటాయి. అక్కా అనే పిలిచాడు, కుర్చీ వేశాడు, చాయ తెప్పించాడు. రెండు పేజీలూ చదివాడు.

"అక్కా, నువ్వు శాన తెలివిగల్లదానివి. ఒప్పుకుంట. గని నేను ఏసిండ్రని చెప్పలే. ఏసిండ్రా అని అడిగిన. చివర్ల ప్రశ్న గుర్తు చూడలేదా?"

"మరి జవాబు తెచ్చిన గద. ఇది గుడ పెట్టు."

"పెడ్తె ఎవరు చూస్తరక్కా? జనం ఇటుకలు లెక్కవెట్టుకుంట కూసుంటరా?" కొంచెం ఆలోచించి అన్నాడు. "ఒక పని చెయ్. మీ మరదలిని అదే బురఖాల కూసోవెట్టు. ఏడ్చుకుంట చెప్తె పెడ్త. గది నడుస్తది."

"ఆమె ఏడ్వది" అన్నాను.

"గదే కష్టం మీతోటి" అని నవ్వాడు. చాయ మంచిగానే ఉంది. నేను సగం తాగి వచ్చేశాను.

నాలుగో రోజు ఇంటి ముందు రెండు కార్లు ఆగాయి. వీడియోను ఊరూరా పంచిన పార్టీ వాళ్లు కాదు, దానికి ఎదురు పార్టీ వాళ్లు. ఒక పెద్దావిడ, వెంట ఐదారుగురు. లోపలికి వచ్చి అమ్మ కాళ్లకు మొక్కింది. మా మరదలిని దగ్గరికి తీసుకుంది. మాకు అన్యాయం జరిగిందని, నాగర్‌కర్నూలులో సభ పెడుతున్నామని, రావాలని అంది.

"వస్తె నా పని నాకిప్పిస్తరా అమ్మా?" అని అడిగింది మరదలు.

"అన్నీ చూద్దాం చెల్లె. ముందు నీ గోడు నలుగురికి తెల్వాలె గద. వచ్చేటప్పుడు బురఖాలనే రా."

"నేను ఏస్కోనమ్మా. చీర కడ్త."

"చీర కట్టుకొని కూసుంటె ముస్లిం అక్కచెల్లెండ్లని ఎట్ల తెలుస్తది చెల్లె? ఫొటో వస్తది రేపు."

మరదలు నా వైపు చూసింది. నేను వద్దనలేదు. పని వస్తుందేమోనని నాకూ ఆశే. ఆ తప్పులో నా వంతు ఉంది.

సభలో మొదటి వరుసలో ఏడుగురు బురఖా ఆడవాళ్లను కూర్చోబెట్టారు. అందులో మా మరదలు ఒకామె. నేను చీరతో వెనక వరుసలో ఎక్కడో ఉన్నాను, నన్ను ఎవరూ ముందుకు రమ్మనలేదు. ఎండ విపరీతంగా ఉంది. ఒక నాయకుడు, గడప దాటలేని మన ముస్లిం అక్కచెల్లెళ్లు, నోరు విప్పలేని ఆడబిడ్డలు అని గంటసేపు మాట్లాడాడు. పదకొండేళ్లుగా రోజూ తొమ్మిది గంటలకు గడప దాటి పోయి నూట పన్నెండు మందికి వండిన మనిషి, ఆయన కాళ్ల దగ్గర కూర్చుని వింది. ఆమెకు మైకు ఇవ్వలేదు. నా నోటుపుస్తకం పేజీలు ఒకతను తీసుకుని జేబులో పెట్టుకున్నాడు, మళ్లీ తీయలేదు. నా దగ్గర ఇంకో కాపీ ఉంది కాబట్టి సరిపోయింది.

సభ అయ్యాక హైదరాబాదు నుంచి వచ్చిన టీవీ అమ్మాయి మా మరదలి ముందు మైకు పెట్టింది. ఆమె చదువుకున్న మాటలు మాట్లాడింది.

"బురఖా వేసుకోమని మిమ్మల్ని ఎవరు బలవంతం చేశారండీ? భయపడకుండా చెప్పండి. మీ భర్తా, అత్తగారా?"

"పోలింగు కాడి ఏజెంటు" అంది మా మరదలు.

ఆ అమ్మాయికి అర్థం కాలేదు. మళ్లీ అడిగింది. మరదలు మళ్లీ అదే చెప్పింది. పోయిన ఎన్నికల్లో చీరతో పోతే నలభై నిమిషాలు నిలబెట్టిన సంగతి మొత్తం చెప్పింది, చక్కగా, ఎక్కడా తడబడకుండా. నాకు చాలా గర్వంగా అనిపించింది. ఆ సాయంత్రం టీవీలో ఎంతసేపు చూసినా ఆ మాటలు రాలేదు. మర్నాడు పేపర్లో బొమ్మ మాత్రం వచ్చింది. ముసుగెత్తి, దాని అంచుతోనే మొహం తుడుచుకుంటోంది. ఎండకు పోసిన చెమట అది. కింద 'కన్నీరు పెట్టుకుంటున్న బాధితురాలు' అని రాశారు. ఆ బొమ్మనే వీడియో పంచిన పార్టీవాళ్లు తీసుకుని, పూసల చెయ్యికి గుండ్రం గీసి, 'చూశారా, ఈమే' అని మళ్లీ పంచారు. ఈసారి ప్రశ్న గుర్తు కూడా లేదు.

సభకు పోవడం వల్ల ఇంకోటి జరిగింది. అప్పటిదాకా అది ఊరి మాట. తర్వాత పార్టీ మాట అయింది. మాతో మంచిగా ఉన్నవాళ్లు కూడా ఏదో ఒక పక్క నిలబడాల్సి వచ్చింది.

వారం దాటి రెండు రోజులకు హెడ్‌మాస్టరు దగ్గరికి పోయాను. మరదలు గేటు బయటే నిలబడింది, లోపలికి రానంది. ఆయన లెక్కల సారు. మా మేనకోడలికి ఏడో తరగతిలో లెక్కలు చెప్పింది ఆయనే. రెండు పేజీలూ టేబులు మీద పరిచి, కళ్లజోడు పెట్టుకుని చదివాడు. తర్వాత డ్రాయరులోంచి స్కేలు తీసి, లేచి, నన్ను వెంట రమ్మని గేటు దాకా నడిచాడు. స్తంభం దగ్గర వంగి ఒక్కో ఇటుక వరుసా కొలిచాడు. పద్దెనిమిది దాకా పైకి లెక్కపెట్టాడు, పెదవులు కదుపుతూ. మరదలు మూడు గజాల దూరంలో నిలబడి ఆయన్ను చూస్తోంది. ఆమె వైపు ఆయన చూడలేదు.

మళ్లీ గదిలోకి వచ్చి కూర్చున్నాడు.

"లెక్క కరెక్టే అమ్మా. నేను చేసినా ఇట్లనే చేస్త. పిల్లలకు చెప్పాల్సిన లెక్క ఇది."

"మరైతె రేపట్నుంచి రమ్మంటరా సారు?"

ఆయన ఇంకో కాగితం తీసి నా ముందు పెట్టాడు. పిల్లల తల్లిదండ్రుల సంతకాలు. నేను లెక్కపెట్టాను. నలభై రెండు సంతకాలు, తొమ్మిది వేలిముద్రలు.

"గీళ్లల్ల శానమంది పిల్లలు ఆమె చేతి బువ్వ తిని పెరిగినోళ్లే సారు."

"తెలుసమ్మా."

"గా వీడియో మాట తప్పని మీకు తెలుసు."

"తెలుసు. నేనొక్కన్ని తెలుసుకుంటె ఏమైతదమ్మా? రేపు యాభై మంది పిల్లలు తినకుండ ఇంటికి పోతె, పైనుంచి నన్నడుగుతరు."

"అయితె ఒక్క పని చెయ్యుండ్రి. నా గీ లెక్క కాగితం కింద కరెక్టని రాసి సంతకం పెట్టుండ్రి. పని ఇయ్యకున్నా మంచిదే."

ఆయన పెన్ను తీశాడు. మూత తీశాడు. కాసేపు పట్టుకుని కూర్చున్నాడు. తర్వాత మూత పెట్టి జేబులో పెట్టుకున్నాడు. "నాకు రెండేండ్ల సర్వీసున్నదమ్మా" అన్నాడు. మంచి మనిషే. మా అమ్మకు బాగలేదంటే ఒకసారి పండ్లు పంపాడు. నేను కాగితాలు మడిచి లేచాను. గేటు దగ్గర మరదలు నా మొహం చూసి నడవడం మొదలుపెట్టింది. వంటగదిలోంచి పప్పు మాడిన వాసన వచ్చింది. ఒక్క క్షణం ఆగింది, తల తిప్పి చూసింది, మళ్లీ నడిచింది.

ఆ తర్వాత ఆమె పని కోసం చాలా చోట్ల అడిగింది. ఊళ్లో కూలికి పిలిచేవాళ్లు తగ్గారు. పరుపుల పని ముగ్గురికి సరిపడా లేదు. రెండు నెలలకు కొత్తకోటలో హైవే పక్క ఒక ధాబాలో రొట్టెలు చేసే పని దొరికింది. పొద్దున బస్సులో వనపర్తి, అక్కడి నుంచి కొత్తకోట, సాయంత్రం తిరుగు ప్రయాణం. రానూ పోనూ మూడు గంటలు. ఎట్లా ఉందే అంటే, "మంచిగనే ఉన్నది వదినె" అంటుంది. అంతకు మించి చెప్పదు.

పోయిన నెల పరుపు గుడ్డ కోసం నేను కొత్తకోట పోవాల్సి వచ్చింది. పని అయ్యాక ధాబాకు నడిచి పోయాను. లారీలు వరుసగా ఆగి ఉన్నాయి. మధ్యాహ్నం రెండు అవుతోంది. పెద్ద పెనం ముందు మరదలు నిలబడి ఉంది. నన్ను చూసి ఒక్కసారిగా బెదిరినట్టు చూసింది, తర్వాత నవ్వింది. నుదుటిన బొట్టు బిళ్ల ఉంది. ఎర్రది, గుండ్రంగా.

యజమాని మంచిగా పలకరించాడు. "మీ ఆడబిడ్డనా? కూసో అక్కా. ఏమంటివి, నాలుగు రొట్టెలు తింటవా?" అన్నాడు. మరదలిని పిలిచిన పేరు ఆమె పేరులో సగం. ఆ సగం ఏ ఇంటి ఆడపిల్లకైనా ఉండొచ్చు.

గోడకు టీవీ ఉంది. ఎక్కడివో ఎన్నికల వార్తలు వస్తున్నాయి. బురఖా ఆడవాళ్లు ఎండలో వరుసగా నిలబడి ఉన్నారు. మా ఊరు కాదు, మా రాష్ట్రమే కాదు. నా పక్క మంచం మీద తింటున్న డ్రైవరు రొట్టె తుంచుతూ అన్నాడు.

"గీళ్లు ఒక్కొక్కలు నాలుగు నాలుగేస్తరట."

"మొకమే కనవడకపాయె. నాలుగేంది, నలభై ఏస్కోవచ్చు" అన్నాడు యజమాని.

అందరూ నవ్వారు. మా మరదలూ నవ్వింది. పిండి చేతుల్తో, పెనం వైపు వంగి, అందరికంటే కొంచెం ఎక్కువసేపు నవ్వింది. నేను ప్లేటు వైపు చూస్తూ కూర్చున్నాను. నా దగ్గర ఆ రెండు పేజీలు సంచిలోనే ఉన్నాయి, అప్పటికీ ఎక్కడికి పోయినా పట్టుకుపోతున్నాను. తీయాలనిపించలేదు. తీస్తే ఆమె పని పోతుంది.

తిన్నాక నీళ్ల తొట్టి దగ్గర ఇద్దరమే ఉన్నప్పుడు అడిగాను.

"గీ బొట్టెప్పట్నుంచే?"

"బస్సెక్కినంక పెట్టుకుంట. మల్ల ఊళ్లె దిగేటప్పుడు తీస్త."

"నీ మొగనికి తెలుసా?"

"బిళ్లల చీటీ తెచ్చిందే ఆయన."

"నవ్వితివి గద ఇందాక."

చేతులకు అంటిన పిండి కడుక్కుంది. "అందరు నవ్వంగ ఒక్కదాన్నే నవ్వకుంటె నా దిక్కు చూస్తరు వదినె. చూస్తె అడుగుతరు" అంది. తర్వాత మామూలుగా, "అమ్మకు మందులున్నయా? రేపటికున్నయా?" అని అడిగింది. ఐదు రోజులకు ఉన్నాయని చెప్పాను.

వనపర్తి బస్సు వచ్చింది. నేను సంచి భుజాన వేసుకుని ధాబా ముందుకు వచ్చాను. యజమాని గల్లా దగ్గరే కూర్చుని మా వైపు చూస్తున్నాడు. మేం ఇంట్లో తెలుగే మాట్లాడినా, విడిపోయేటప్పుడు సలాం చెప్పుకోవడం మాకు పుట్టినప్పటి నుంచీ అలవాటు. నోరు తెరిచేలోపే మరదలు పెనం వదిలి రెండు అడుగులు దగ్గరికి వచ్చింది.

"పోయొస్త అను వదినె" అంది, పెదవులు కదిలీ కదలకుండా.

"పోయొస్త" అని గట్టిగా, అందరికీ వినబడేట్టు అన్నాను. బస్సెక్కి కూర్చున్నాక కిటికీలోంచి చూశాను. ఆమె అప్పటికే పెనం దగ్గరికి పోయింది.